పట్టాల పొంటి గడ్డి

మార్గశిరం దాటిందంటే పాలమూరు చెల్కల మీద పచ్చదనం నిలవదు. సంక్రాంతికి గడ్డి పసుపు పడ్తది, శివరాత్రికి చేతిల పట్టి నలిపితే పొడి పొడి అయితది. జడ్చర్ల నుంచి గద్వాల దాకా రైలు పట్టాలకు రెండు దిక్కుల ఉండేది ఆ గడ్డే. ఎండకాలం ఆ లైను మీద పోయేటోళ్లు కిటికిలకెళ్లి చూస్తే అక్కడక్కడ నల్లగ కాలిన జాగలు కనవడ్తయి. పక్కన మాడిన వేపచెట్టు, సగం కాలిన కంచె. చూసేటోళ్లకు అది మామూలే. నాకు కాదు. ఆ లైను మీద గ్యాంగ్‌మన్‌గ చేరి, కీమన్ అయి, మేటుగ, అంటే గ్యాంగు పెద్దగ రిటైరైనోన్ని. నల్ల జాగ కనవడితే ఈ బీటు, అంటే ఈ లైను ముక్క కాపలా ఎవరిదని అడగబుద్ధయితది. ఇయ్యాల ఆ మాటకు జవాబు చెప్పేటోడు దొరకడు. మా రోజుల్ల దొరుకుతుండె.

నా బాధంత ఇదే. మా కాలంల ఇంజనే నిప్పు కక్కుతుండె. అయినా పట్టాల పక్కన గడ్డిని కనిపెట్టుకొని ఒక మనిషి ఉంటుండె. ఇప్పుడు ఇంజను కరెంటుది. చిమ్నీ లేదు, పొగ లేదు, రవ్వ లేదు. గడ్డిని కనిపెట్టే మనిషి కూడ లేడు. అగ్గి మాత్రం ఏ యేడు ఆ యేడు అంటుకుంటనే ఉన్నది.

సికింద్రాబాద్ నుంచి గద్వాలకు నిజాం సర్కారు కాలంల, 1916ల మీటర్ గేజ్ లైను వడ్డది. తర్వాత తుంగభద్ర దాటి కర్నూలు, ద్రోణాచలం దాకా పోయింది. గద్వాల సముద్ర మట్టానికి సుమారు 325 మీటర్ల ఎత్తుల ఉంటే, మహబూబ్‌నగర్ 500 మీటర్ల దగ్గర ఉంటది, షాద్‌నగర్ ఇంక పైన. అంటే కృష్ణ ఒడ్డు నుంచి పట్నం దిక్కు పోయే బండికి శాన దూరం ఎక్కుడే. దేవరకద్ర దాటినంక ఇంజను రొప్పుకుంట ఎక్కుతుంటే, రాత్రిపూట చిమ్నీ మీద ఎర్రటి జల్లు లేస్తుండె. పిల్లలు ఇండ్ల ముందటికొచ్చి నిలవడి చూస్తుండిరి. మా గ్యాంగోళ్లకు మాత్రం ఆ జల్లు ఎవని చేన్ల రాలుతదో అన్న గుబులు.

ఆ రవ్వలు ఎందుకు లేస్తయో ఇప్పటి పిల్లలకు తెల్వది, చెప్పేటోళ్లూ లేరు. సిలిండర్ల పని అయిపోయిన ఆవిరి బ్లాస్ట్ పైపు నుంచి చిమ్నీలకు తన్నుకుంట పోతది. ఆ తన్నుడుకు పొగపెట్టెల గాలి పలచనై, పొయ్యి అడుగుకెళ్లి కొత్త గాలిని గుంజుకుంటది. అట్ల గుంజితేనే మంట రగులుతది. ఇంజను ఎంత కష్టపడితే గుంజుడు అంత జోరుగ ఉంటది. ఆ జోరుకు సగం కాలిన సన్న బొగ్గు పొయ్యిలకెళ్లి లేచి, బాయిలర్ ట్యూబుల నుంచి కొట్టుకొచ్చి, ఎర్రగ ఉన్నది ఉన్నట్టే చిమ్నీ నుంచి బయటవడ్తది. నలుసంత రవ్వ గాలిలనే ఆరిపోతది. కందిగింజంతదైతే నేల మీద వడ్డంక కూడ బతికే ఉంటది. మా ఇంజన్లకు ఇల్లందు దిక్కు నుంచొచ్చే సింగరేణి బొగ్గే దిక్కు. అండ్ల బూడిద ఎక్కువ. బొగ్గు నింపే టెండరు అడుగుకొచ్చేవరకు గడ్డల కంటె పొడే ఎక్కువ మిగులుతది. పొడి బొగ్గు పారతోని వేస్తే అది కాలకముందే ఎగిరిపోతది.

దానికి మందు ఇంజన్లనే ఉంటుండె. పొగపెట్టెల చిమ్నీ కింద ఇనుప జాలి. పెద్ద రవ్వలు దానికి తాకి, పగిలి, ఆరి కింద వడ్తయి. జాలి కన్ను పెద్దదైతే రవ్వ దాటిపోతది, సన్నదైతే మసి వట్టి మూసుకపోయి పొయ్యి గుంజదు, ఆవిరి పుట్టదు. అందుకే ఫైర్‌మన్లు దాన్ని తిట్టుకుంటుండిరి. ఎక్కుడుల ఆవిరి చాలక బండి నిలిచిపోతే మాట పడేది వాళ్లే కద. అయినా షెడ్డుల మిస్త్రీ పొగపెట్టె తలుపు తెరిచి, దీపం లోపల పెట్టి, జాలి ఏడన్న చినిగిందా, ఏడన్న వదులైందా అని ఏలు పెట్టి చూస్తుండె. చూసినట్టు రిజిస్టర్ల సంతకం చేస్తుండె. జాలి సక్కగ లేని ఇంజను ఎండకాలం ఎక్కుడు మీదికి రావద్దని అందరికీ తెలుసు. పొయ్యి లోపల ఇటుకల కమాను ఒకటి ఉంటది. మంట సీదా ట్యూబులకు పోకుండ చుట్టు తిరిగిపోయేటట్టు చేస్తది. ఆ చుట్టు తిరుగుడుల సన్న బొగ్గు సగం కాలిపోతది.

పనితనం తెలిసిన ఫైర్‌మన్ పార నిండ బొగ్గు గుమ్మరించడు. కొంచెం కొంచెం, మాటిమాటికి, పొయ్యిల ఏ మూల పలచగ ఉన్నదో చూసి ఆ మూలకు వేస్తడు. వేసేముందు పొడి బొగ్గు మీద నీళ్లు చల్లుతడు. డ్రైవర్లల్ల కూడ అసుంటోళ్లు ఉంటుండిరి. ఊరు దగ్గరికొచ్చి కల్లాలు, సొప్ప వాములు కనవడ్తే రెగ్యులేటర్ జర తగ్గించి, అవుతల పడ్డంక మళ్లీ తెరిచేటోళ్లు. అది ఏ పుస్తకంల రాసి ఉన్నదో నాకు తెల్వది. వాళ్ల ఇండ్లల్ల కూడ వాములుండె, అందుకే చేసేటోళ్లు.

చిమ్నీ నుంచి పోయేది కండ్లకు కనవడ్తది. కింద పడేది కనవడదు. పొయ్యి కింద బూడిద తట్ట తలుపు సక్కగ మూసుకోకపోతే నిప్పు కణికలు పట్టాల మధ్యల రాలుతయి. అప్పుడు చెక్క స్లీపర్లు శాన జాగల ఉండె. వంతెనల మీదనైతే అన్నీ చెక్కవే. స్లీపరు మంట లేకుండ లోపల్లోపల కొరివి లెక్క కాలుతది. పైకి బాగనే కనవడ్తది, అడుగున డొల్ల. కీమన్ పొద్దుగాల సుత్తె, స్పానర్, ఎర్రజెండ పచ్చజెండ పట్టుకొని బీటంత నడిచేటప్పుడు వంతెన కాడ ఆగి, వంగి, ముక్కుతోని చూడాలె అని మా మేటు చెప్తుండె. ముక్కుతోని చూసుడంటే కాలిన వాసన పట్టుడు. నేను కీమన్‌ అయినంక నా బీటుల అట్లనే చేసిన.

ఇంక గడ్డి సంగతి. వానలు వెనుకకు పోయినంక, దీపావళి దాటంగనే గ్యాంగంత సెస్సు మీదికి దిగుతుండె. సెస్సంటే కంకరకు పక్కన మనిషి నడిచే బాట. ఆ బాట మీద గడ్డిపోచ ఉండొద్దు. కలుపుపారలతోని చెక్కి, చెక్కిన గడ్డిని ఆడనే ఇడిసిపెట్టకుండ దూరం గుంజి కుప్పేసి, మంచు పడ్డ పొద్దుగాల, గాలి లేనప్పుడు కాల్చేటోళ్లం. చుట్టు మనుషులు పచ్చి తంగేడు మండలు పట్టుకొని నిలవడాలె. కుండల్ల నీళ్లు పక్కన ఉండాలె. అంత అయినంక బూడిదల చెయ్యి పెట్టి చూసి మేటు సరే అంటేనే కదిలేది. ఎండకాలం రవ్వ వచ్చి పడితే బోడ నేల మీద పడి సచ్చిపోవాలె, అది మా లెక్క.

రైతులు వాళ్ల దిక్కు వాళ్లు పని చేసేటోళ్లు. లైను పక్కన చేను ఉన్నోడు జొన్న కోసినంక పట్టాల దిక్కు నాలుగు సాళ్లు నాగలి కొట్టి మన్ను తిరగేస్తుండె. మా మేటు పండుగకు ముందు ఒక్కొక్క చేనుకు పోయి, "పెద్దయ్యా, వాము ఇటు పెట్టకు, బాయి కాడికి జరుపు" అని చెప్పొస్తుండె. కాయిదం లేదు, నోటీసు లేదు. చెప్పేటోని ముఖం తెలుసు కాబట్టి వినేటోళ్లు. జర్మనీ దేశంల పైన్ అడవుల నుంచి పోయే లైన్లకు రెండు దిక్కుల మన్ను తవ్వి బోడ పట్టీలు పెట్టేటోళ్లని, వాటి మధ్యల అడ్డం పట్టీలు కూడ తీసేటోళ్లని తర్వాత చదివిన. మావోళ్లు ఆ పుస్తకం చదవకుండనే నాగలితోని అదే పని చేసిన్రు.

అయినా అంటుకునేది. ఒక ఎండకాలం మాపటిపూట గూడ్సు పోయినంక పొగ కనవడ్డది. మేము ఉరికేసరికి గట్టు మీద గడ్డి దాటి మంట ఒక రైతు సొప్ప వాముకు అంటింది. గాలి పడమటి నుంచి కొడ్తుండె. మంట ముఖానికి ఎదురు పోవద్దు, పక్కలకెళ్లి కొట్టుకుంట ముందుకు జరగాలె. అట్లనే కొట్టినం. ఇంకో రెండు వాములు దక్కినయి, ఆ ఒక్కటి పోయింది. యాడాదికి సరిపోయే మేత అది. ఆ రైతు నన్ను చూసి, "ఓ మేస్త్రీ, మీ బండి నా ఎడ్ల నోటికాడి మేత తిన్నదయ్యా" అన్నడు. తిట్టలే. తిడితే బాగుండనిపించింది. పంచనామా రాసిన్రు, పట్వారీ వచ్చిండు, అర్జీ పెట్టుకున్నడు. ఆ అర్జీ ఏ ఆఫీసుల ఆగిందో ఆగింది, పైస రాలే. మా రోజులు బంగారమని నేననను. రవ్వ ఇంజనుది, నష్టం రైతుది అయ్యేది. ఇంగ్లండ్‌ల అయితే రైలు రవ్వలకు పంట కాలితే కంపెనీ కొంతవరకు కట్టాలెనని 1905లనే చట్టం చేసిన్రు. మొదట వంద పౌండ్ల దాకా, 1923ల దాన్ని రెండొందలకు పెంచిన్రు. పక్క భూమిలకు పోయి తుప్పలు కొట్టే అధికారం కూడ ఆ చట్టంలనే కంపెనీకి ఇచ్చిన్రు. రెండూ ఒక్క కాయిదంలనే పెట్టుడు న్యాయమైన పని.

మేము ఇంత భయపడ్డది ఎందుకంటే, ఆ లైనుకు ఒక గాయం ఉండె. 1956 సెప్టెంబర్‌ల జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్యల వరదకు వంతెన కూలి రాత్రి బండి పడిపోయింది. నూరు మందికి పైన సచ్చిపోయిన్రు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తనన్నడు, నెహ్రూ ఒప్పుకోలే. అదే యేడు అరియలూరు ప్రమాదం అయినంక రాజీనామా చేసిండు. నేను కొల్వుల చేరేనాటికి మా గ్యాంగుల ఆ రాత్రి చూసినోళ్లు ఉన్నరు. వానకాలం నీళ్లు, ఎండకాలం అగ్గి, రెండింటికీ కాపలా ఉండాలెనని వాళ్లే మాకు నేర్పిన్రు. మంత్రి దాకా జవాబు చెప్పిన లైను అది.

డీజిల్ ఇంజను వచ్చినంక రవ్వ పోయిందనుకున్నం. పూర్తిగ పోలే. బొగ్గు లేకున్నా డీజిల్‌కు మసి ఉంటది. ఇంజను స్టేషన్ల గంటలకొద్ది ఊరికెనే ఆడుకుంట నిలవడితే డీజిలు సక్కగ కాలదు, నూనె కూడ జారి పొగగొట్టం లోపల మసిపొరలు గట్టిగ పేరుకుంటయి. ఆ ఇంజనే బండి పట్టుకొని ఎక్కుడుల పూర్తి జోరు పెడితే లోపల వేడికి ఆ పొరలు ఊడి, ఎర్రగ కాలుకుంట బయటికొస్తయి. టర్బోచార్జర్ ఉన్న ఇంజన్ల దాని రెక్కలే పెద్ద ముక్కల్ని చూర చేస్తయి, అది అడ్డమే. కాని దాని తర్వాత పేరుకున్నదానికి అడ్డం లేదు. అందుకే షెడ్డుల పొగగొట్టాలు విప్పి మసి గీకాలె, ఊరికెనే ఇంజను ఆడించొద్దు. నల్లగొండ దిక్కు బీబీనగర్, నడికుడి లైను మీద పనిచేసిన నా సోపతిగాళ్లు కూడ ఇదే ముచ్చట చెప్పేటోళ్లు. భువనగిరి, ఆలేరు దిక్కు బొగ్గు ఇంజన్లు చూసిన ముసలి మేట్లు డీజిల్‌ను నమ్మక గడ్డి చెక్కుడు ఆపలే. వాళ్లే కరెక్టు.

దిగుడుల ఇంకో అగ్గి ఉంటది, దాన్ని ఎవరూ లెక్కల పట్టరు. షాద్‌నగర్ నుంచి గద్వాల దిక్కు దిగే బండి బ్రేకు పట్టుకుంట పోతుంటే పోత ఇనుము బ్రేకు బ్లాకుల నుంచి రవ్వలు రాలుతుండె. ఒక డబ్బకు బ్రేకు ఇడవక పట్టుకపోతే చక్రం ఎర్రగయి మైళ్లకొద్ది రవ్వలు పోసుకుంట పోతది. ఇప్పుడు కాంపోజిషన్ బ్లాకులు, కొత్త డబ్బాలకు డిస్క్ బ్రేకులు వచ్చినయి, రవ్వలు శాన తగ్గినయి. బ్రేకు పట్టుకపోవుడు మాత్రం ఇంక ఉన్నది. బండి పోయేటప్పుడు లైను పక్కన నిలవడి చక్రాలు చూసే మనిషి ఉంటే అది స్టేషన్ల దొరుకుతది.

1990లల్ల మీటర్ గేజ్ పోయి బ్రాడ్ గేజ్ వచ్చింది. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్, మహబూబ్‌నగర్ మధ్యల 85 కిలోమీటర్ల రెండో లైను, కరెంటు లైను ప్రధానమంత్రి దేశానికి అంకితం చేసిండు. సంతోషమే. బండ్లు ఎక్కువైనయి, పొగ పోయింది. నా కండ్ల ముందట అయిన మంచి పనే. కాని ఇంజను రవ్వ పోయిందని గడ్డిని కూడ మరిచిపోవుడు ఏం లెక్క? మా రోజుల్ల చెక్కిన సెస్సు మీద ఇప్పుడు మోకాలెత్తు గడ్డి. గట్టు నిండ సర్కారు తుమ్మ. గ్యాంగోళ్లను తప్పుపట్టను. మనుషులు తగ్గిన్రు, బీటు పెరిగింది, బండ్లు పెరిగి పని చేసే సమయం దొరకదు. గడ్డి కోత కాంట్రాక్టుకు పోయింది. నేను చూసిన ఒక కాడ మిషన్‌తోని కోసి, కోసిన గడ్డి ఆడనే ఇడిసిపెట్టి పోయిన్రు. నిలవడ్డ గడ్డి కంటె పడి ఎండిన గడ్డి తొందరగ అంటుకుంటది. దానికి కోత బిల్లు ఒకటి. పక్క ఆఫీసుల పోయి చెప్పిన, రాసుకున్నరు.

"ఇప్పుడు సిమెంటు స్లీపర్లు కదా తాతా, కాలేది ఏమున్నది" అని ఒక పిల్లగాడు అన్నడు. సదువుకున్న పిల్లగాడే. సిమెంటు కాలదు నిజమే. పట్టా కింద ప్రతి స్లీపరు మీద రబ్బరు ప్యాడ్ ఉంటది, క్లిప్పు కింద నైలాన్ లైనర్ ఉంటది. గడ్డి మంట సెగకు అవి కరిగి ముడుచుకపోతయి. పట్టా పట్టు వదులైతది. పక్కన సిగ్నల్ కేబుళ్ల డబ్బాలు, ఫైబర్ తీగలు ఉంటయి. అవి కాలితే సిగ్నల్ ఆగుతది, బండ్లు నిలుస్తయి. పైన 25,000 వోల్టుల తీగ. దాని కింద పెద్ద మంట లేస్తే ఆర్పేటందుకు పచ్చి మండలు పట్టుకొని పోరాదు, కరెంటు బందు చేయించాలె. మా రోజుల్ల గడ్డి కాలితే గడ్డే కాలుతుండె. ఇప్పుడు గడ్డి కాలితే లైనే కాలుతది. కాపలా పెరగాల్సిన కాడ తగ్గింది, నాకు కోపం అందుకే.

నిప్పు ఇప్పుడు ఏడికెళ్లి వస్తున్నది? చేన్లకెళ్లి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ దిక్కు యాసంగి వరి మిషన్‌తోని కోస్తరు, కొయ్యలు కాల్చేస్తరు. పాలమూరు, నల్లగొండ చెల్కల్ల ఆముదం, జొన్న పోయి పత్తి వచ్చింది, పత్తికట్టె గుంజి కుప్పేసి అగ్గి పెడ్తరు. నాలుగు సాళ్లు తిరగేసే అలవాటు పోయింది, ఎందుకంటే సొప్ప వాము కూడ పోయింది, ఎడ్లు పోయినయి. లైను పక్కన పోగొట్టుకునేది ఏమీ లేని రైతుకు లైను పట్టదు. ఇంక బండ్లకెళ్లి బీడీ ముక్కలు. మాఘంల మన్యంకొండ జాతరకు జనం డబ్బల తలుపు కాడ నిలవడి పోతరు, గడ్డి ఎండిన దినాలే అవి. ఒక్క బీడీ చాలు.

బయటి దేశాలల్ల ఇంక బొగ్గు బండ్లు నడుపుతున్నరు, సరదాకు. ఆస్ట్రేలియాల మెల్‌బోర్న్ దగ్గర పఫింగ్ బిల్లీ అనే పాత బండి ఉన్నది. అగ్గి నిషేధం పెట్టిన దినం బొగ్గు ఇంజను ఆపి డీజిల్ పెడ్తరు. అమెరికాల కొలరాడోల 2018 జూన్‌ల పెద్ద అడవి అగ్గి అంటుకొని 54,000 ఎకరాల దాకా పోయింది. డ్యురాంగో నుంచి పోయే బొగ్గు బండి రవ్వలతోనే అంటుకున్నదని అక్కడి సర్కారు దావా వేసింది. 2022ల రెండు కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ అగ్గి అయినంక ఇంజన్లను నూనెతోని నడిచేటట్టు మార్చుకున్నరు. రవ్వకు లెక్క కట్టినంక జాగ్రత్త ఎట్ల వస్తదో చూడండి. మా దిక్కు లెక్క కట్టేటోడు లేడు.

రైళ్లకు అగ్గి భయం పోయిందనుకునేటోళ్లకు ఒక్క మాట. 2023 జూలై 7న హౌరా నుంచొచ్చే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ బొమ్మాయిపల్లి, పగిడిపల్లి మధ్యల తగలబడ్డది. పాత నల్లగొండ జిల్లానే అది. కరెంటు లైనే. డబ్బలు బూడిదైనయి. బండి టైముకు ఆగి జనం దిగవట్టి ప్రాణాలు దక్కినయి. అది డబ్బల అగ్గి, గడ్డి అగ్గి వేరు. కాని రెండింటికీ పట్టాల పొంటి చూసే కన్ను కావాలె.

లైను పక్కన చేను ఉన్న రైతులకు నా మనవి. సంక్రాంతికి ముందు పట్టాల దిక్కు ట్రాక్టర్‌తోని ఒక్క పట్టీ తిరగేయండి, గంట పని. కొయ్యలు, పత్తికట్టె కాల్చకుండ దున్ని మట్టిల కలపండి, భూమికే బలం. కాల్చక తప్పదంటే గాలి లేని పొద్దుగాల కాల్చండి, ముందుగాల స్టేషన్ మాస్టరుకు చెప్పండి. బండ్ల పోయేటోళ్లు లైను పక్కన మంట చూస్తే 139కి ఫోన్ చేయండి, ఏ స్టేషన్ దాటినంకనో చెప్పండి. రైల్వే పెద్దలకు ఒక్కటే అడుగుతున్న. దీపావళి నుంచి సంక్రాంతి లోపల సెస్సు చెక్కించండి, కోసిన గడ్డి ఎత్తించండి, ప్రతి బీటు గడ్డికి ఒక మనిషి పేరు రాసిపెట్టండి. కాలిన జాగ కాడ నిలవడి అడిగితే ఆ మనిషి జవాబు చెప్పాలె.